డ్యూటీ మాట, ఇంటి మాట

జయప్రకాష్ బూటు లేసు ముడేశాడంటే ఇక ఆయన దగ్గర ఇంటి సంగతి ఎత్తకూడదు. గ్యాసు అయిపోయిందనకూడదు. కుళాయి కారుతోందనకూడదు. పక్కింటి కుక్క కరిచినా సరే, సాయంత్రం దాకా కరవనట్టే తిరగాలి.

ఆ కట్టుబాటు పెట్టింది ఆయన తండ్రి. పెద్దాయన శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి బిలాస్‌పూర్ షెడ్డులో చిన్న పనిలో చేరి, లోకో డ్రైవరుగా రిటైరైన మనిషి. "ఇంజనెక్కేవోడి బుర్రలో ఉప్పూ పప్పూ ఉండకూడదు, సిగ్నళ్లుండాల" అనేవాడు. సబబైన మాట. కాదన్నవాడు రైలెక్కకూడదు. కానీ ఆయన కొడుకు ఇంజనెక్కలేదు, కుర్చీ ఎక్కాడు. సరుకు బళ్ల ఆఫీసులో వ్యాగన్ల రాకపోకలు చూసే ఆఫీసరయ్యాడు. కుర్చీకి సిగ్నళ్లెక్కడివని ఎవరైనా అనేస్తారని భయం కాబోలు, తండ్రికంటే గట్టిగా పట్టుకున్నాడు ఆచారాన్ని. పైగా దానికో తోక తగిలించాడు. బూట్లు విప్పి లుంగీ కట్టాక ఆఫీసు మాట కూడా ఎత్తకూడదు.

దాంతో సౌభాగ్యకి ఒక్క తాళికి ఇద్దరు మొగుళ్లయ్యారు. లుంగీ మొగుడు మంచివాడు. కూరలు తరిగిపెడతాడు, తల్లికి కాళ్లు పడతాడు, నవ్వితే ఇల్లంతా వినిపిస్తుంది. బూట్ల మొగుడి సంగతి వేరు. ఒకసారి సదర్ బజార్లో ఆఫీసు జీపు దిగుతూ ఎదురుపడ్డాడు. "వచ్చేటప్పుడు కొత్తిమీర పట్రండి" అంది పాపం ఈమె. ఆయన అటూ ఇటూ చూసి, "రాసివ్వండి, పరిశీలిస్తాం" అన్నాడు. కట్టుకున్న పెళ్లాన్ని రాసివ్వమన్నాడు! ఆ రాత్రి ఆమె కొత్తిమీర లేని చారు పోసింది. లుంగీ మొగుడు కిక్కురుమనకుండా కలుపుకున్నాడు.

ఇదంతా నవ్వులాటగానే సాగిపోయేది, ఆ బొగ్గు గుట్ట లేకపోతే.

వాళ్లిల్లు లాల్‌ఖదాన్ వైపు. పెద్దాయన రిటైరయ్యాక కట్టిన డాబా. పట్టాలకవతల ఒక ప్రైవేటు కంపెనీవాళ్ల బొగ్గు యార్డు ఉంది. లారీలు తెచ్చి పోస్తుంటాయి, వ్యాగన్లు మోసుకుపోతుంటాయి, గుట్ట మాత్రం తరగదు. గాలి ఇటు తిరిగిందంటే ఆ గుట్టలో కొంత భాగం ఇంట్లోకి నడిచి వస్తుంది. మంచాల మీద, మంచినీళ్ల బిందె మూత మీద, దేవుడి పటాల మీద పడుతుంది. అన్నింటినీ తుడుచుకోవచ్చు. వడియాలను తుడవలేం కదా!

సౌభాగ్య వడియాలంటే బిలాస్‌పూర్ తెలుగిళ్లలో పేరు. ఇక్కడివాళ్లు రఖియా అనే బూడిద గుమ్మడికాయను సన్నగా తరిగి, ఉప్పు కలిపి, గుడ్డలో మూటగట్టి, పైన పొత్రం పెట్టి నీరంతా దించుతుంది. గట్టిగా రుబ్బిన మినప్పిండిలో కలుపుతుంది. పొద్దున్నే డాబా మీద పాత పంచె పరిచి వడియాలు పెడుతుంది. తోర్వా నుంచి, రైల్వే క్వార్టర్ల నుంచి జనం వచ్చి పట్టుకెళతారు. ఊళ్లో ఆమెను ఫలానావారి కోడలంటారు, ఫలానా ఆఫీసరుగారి భార్య అంటారు. వడియాల దగ్గర మాత్రం సౌభాగ్యగారి వడియాలంటారు. ఆమె పేరుతో ఈ ఊళ్లో చెలామణీ అయ్యేది అదొక్కటే.

కొన్నేళ్లుగా ఆ పేరు మీద మసి పడుతోంది. పొద్దున తెల్లగా పెట్టిన వడియం మధ్యాహ్నానికి కాకి ఈకలా తయారవుతోంది. దోమతెర కప్పి చూసింది. తెర మీద రాలే దుమ్ము తెర మీద రాలింది, కంతల్లోంచి దిగేది దిగింది. బాగా మాసినవి ఏరి పారేసి మిగిలినవి ఇచ్చేది. పోయిన ఎండాకాలం పారేసినవే ఎక్కువ. ఆవుకి పెడితే అది వాసన చూసి, ఆమె మొహం ఒకసారి చూసి వెళ్లిపోయింది. ఆ చూపు సౌభాగ్య మర్చిపోలేకపోయింది.

"ఈ ఏడూ ఇలాగే అయితే ఇంక నేను వడియాలు పెట్టనండీ" అంది భర్తతో, ఆయన లుంగీలో ఉండగా. "పంచెలు మడిచి లోపల పెట్టేస్తాను. అంతే."

లుంగీ మొగుడు లేచి నిలబడ్డాడు. "ఎందుకు మానేస్తావు? తప్పు నీదా? ఆ ఆఫీసర్లున్నారే, ఆళ్లని..."

"ఆ ఆఫీసర్లలో మీరొకరు కాదేటండీ?"

"ఆఫీసు మాట ఇప్పుడు కాదు" అని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున బూట్లేసుకున్నాక అడిగింది. ఇంటి మాట ఇప్పుడు కాదన్నాడు. ఆలోచిస్తే సౌభాగ్యకి ఒళ్లు మండింది. పగలూ రాత్రీ కలిపి చూసినా బొగ్గు గురించి మొగుణ్ని అడగడానికి ఒక్క నిమిషం ఖాళీ లేదు.

సరిగ్గా అప్పుడే శ్వేత వచ్చింది. తండ్రి కరీంనగర్ నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజరు. చిన్నప్పుడే ఇక్కడికి రావడంతో పిల్ల తెలుగులో మొదలుపెట్టి హిందీలో తేలుతుంది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. గాలి, నీళ్లు, దుమ్ము విషయంలో అధికారులేం కోరుకుంటున్నారు, జనమేం కోరుకుంటున్నారు, రెండూ పక్కపక్కన పెట్టి పోల్చి చూడటం ఆమె పని. అధికారుల్ని ఆఫీసుల్లో అడుగుతుంది. జనాన్ని మాత్రం చీటీలు తీసి, వచ్చిన ఇళ్లకు వెళ్లి అడుగుతుంది. ఆ చీటీల్లో ఈ ఇల్లు వచ్చింది.

జయప్రకాష్‌ని లుంగీలో చూడగానే ఆ పిల్ల గతుక్కుమంది. ఆయన మాత్రం ఏమీ ఎరగనట్టు, "పూఛో బేటా, పూఛో" అంటూ మఠం వేసుకుని కూర్చున్నాడు.

"బొగ్గు యార్డు మీద రోజూ నీళ్లు చల్లాలి, లారీల మీద టార్పాలిన్ కప్పాలి, చుట్టూ వల కట్టాలి. లేకపోతే యార్డు బంద్. ఈ రూల్ కావాలా వద్దా అంకుల్?"

"కావాలా అని అడుగుతావేటమ్మా! నిన్ననే రావాల్సింది. ఆ గుట్ట తీసుకెళ్లి ఆఫీసర్ల గుమ్మాల్లో పొయ్యమను. మా ఆవిడ వడియాలు ఆళ్లకే వేయించి పెట్టమను. అప్పుడు దిగుతాది కైపు!"

"అధికారులకి ఈ రూల్ ఇష్టమే అనుకుంటున్నారా?"

"ఆళ్లకేటి ఇష్టం? ఏసీ గదుల్లో కూకునేవోళ్లకి దుమ్మంటే ఏటో తెలుసా!"

ఇంత చెప్పి వార్తలు చూడటానికి లోపలికి పోయాడు. శ్వేత వంటగది గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించింది.

"ఆంటీ, పొద్దున ఆఫీసులో కూడా అంకుల్‌నే అడిగాను. అధికారుల లిస్టులో. ఏం చెప్పారో నేను చెప్పకూడదు, లేకిన్... బిల్కుల్ ఉల్టా."

"చెప్పక్కర్లేదులే అమ్మా. అప్పుడు బూట్లేసుకున్నారా?"

"బూట్లా?" అని తెల్లబోయింది శ్వేత. సౌభాగ్య ఇంటి ఆచారం విప్పి చెప్పేసరికి నోరు మూసుకుని నవ్వడం ఆ పిల్ల వల్ల కాలేదు.

"ఒకే మనిషి రెండు వైపులా వచ్చాడు. మా గైడు మేడమ్‌కి తెలిస్తే ఒకటి కొట్టెయ్యమంటారు ఆంటీ. ఏది కొట్టెయ్యాలి?"

"ఏదీ కొట్టెయ్యకు. ఇద్దరూ నిజం మనుషులే. ఇద్దరికీ వండిపెట్టేది నేనే కదా" అంది సౌభాగ్య.

ఆ తర్వాత శ్వేత ఇటు వచ్చినప్పుడల్లా టీకి ఆగేది. పేర్లు చెప్పేది కాదు గానీ, పని పూర్తయ్యేసరికి ఏం తేలిందో చెప్పకుండా ఉండలేకపోయింది. అధికారుల్లో చాలామంది ఆ రూలు మంచిదేనన్నారట. కాకపోతే జనం ఒప్పుకోరు, వాళ్లకి పనులూ కరెంటూ కావాలి, దుమ్ము గోల వాళ్లకి పట్టదు అన్నారట. జనంలో ఇంచుమించు అందరూ రూలు కావాలన్నారు. అధికారులు వినరు, అడిగి లాభం లేదు అన్నారట.

"దోనో తరఫ్ ఏక్ హీ బాత్, ఆంటీ. అందరికీ ఒకటే కావాలి. అవతలివాళ్లకే వద్దనుకుంటున్నారు."

సౌభాగ్య చేతిలో గరిటె ఆగిపోయింది. "అలాగైతే వీళ్లనీ వాళ్లనీ ఒకచోట కూర్చోబెడితే సరిపోదేటి?"

"కూర్చుంటారు ఆంటీ. కమిటీ ఉంది కదా."

ఉంది. ఊళ్లోవాళ్లు దానికి దుమ్ము కమిటీ అని పేరు పెట్టారు. దానికి పెద్ద భాస్కరరావు, ఆంధ్ర నుంచి బదిలీ మీద వచ్చిన పర్యావరణం ఆఫీసరు. రాతకోతలు చూసేది జయప్రకాషే. జనం తరఫున కూర్చునేవాడు ఆదినారాయణ, గార్డుగా చేసి రిటైరైనవాడు. ఉద్యోగమంతా ఆయన ఏ ఆఫీసరు మొహమూ ఎత్తి చూసి ఎరగడు. బూట్ల మెరుపు చూసి హోదా పోల్చుకుని సలాము కొట్టేవాడు. ఇప్పుడూ అంతే. కమిటీలో భాస్కరరావు, "ప్రజలేమంటున్నారు?" అని అడిగితే, ఆయన బూట్ల వైపు చూస్తూ, "తమరెలాగంటే అలాగండి" అంటాడు. జయప్రకాష్ దాన్ని, ప్రజల వైపు నుంచి ఆక్షేపణ లేదని రాసుకుంటాడు. రాబోయే సమావేశంలో ఈ తంతు ఇంకొక్కసారి జరిగిందంటే చాలు, కంపెనీకి యార్డు అనుమతి మరో అయిదేళ్లు పొడిగించేస్తారు. నీళ్లూ లేవు, వలా లేదు. అయిదేళ్ల పాటు వడియం అన్న మాట ఎత్తక్కర్లేదు.

సౌభాగ్య ఈ సంగతంతా అత్తగారి చెవిన వేసింది. అసిరమ్మ కాళ్లు చాపుకుని చింతపండు ఈనెలు తీస్తోంది. అంతా విని, "ఓలమ్మ, ఇంతేనేటి? ఆ బూట్లు ఊడబీకితే సరిపోదేటే!" అంది.

"ఎలాగత్తా? ఆఫీసులోకి వెళ్లి ఊడబీకుతామా?"

"మనం పీకడమేటి? అమ్మోరి మండపంలోకి బూట్లతో ఎవుడొస్తాడో సూస్తాను."

ఆ వీధి చివర తెలుగువాళ్లు కట్టుకున్న మరిడమ్మ తల్లి గుడి ఉంది. గుడి ముందు మండపం. దాని తాళంచెవి అసిరమ్మ కొంగునే ఉంటుంది. కోడలు అత్తను చూసింది, అత్త కోడల్ని చూసింది. ఆ ఇంట్లో వాళ్లిద్దరూ ఒక మాట మీద నిలబడ్డారంటే జయప్రకాష్‌కి గ్రహచారం బాగాలేదన్నమాటే.

సాయంత్రం ఆయన లుంగీ ముడేసుకుంటుండగా అసిరమ్మ మొదలుపెట్టింది. "ఒరే జేపీ, మీ దుమ్ము మీటింగు ఈపాలి మన మండపంలో పెట్టండిరా. ఆదోరం పూట పెట్టినా నాకేటీ అడ్డు లేదు."

"అమ్మా, ఆఫీసు మాట ఇప్పుడు కాదు."

"ఆఫీసు మాట నాకెందుకురా? నేను గారెల మాట సెప్తన్నాను. మీటింగు కాడికొచ్చినోళ్లకి గారెలూ పులిహోరా పెడతానని అమ్మోరికి మొక్కుకున్నాను. మొక్కు ఎగ్గొట్టమంటావేటి?"

గారెల మాట ఇంటి మాటే. లుంగీ కట్టుకున్నవాడు ఇంటి మాట కాదనలేడు. జయప్రకాష్ సరేనన్నాడు. పొద్దున బూట్లేసుకున్నాక తానెంత పొరపాటు చేశాడో ఆయనకు తెలిసినట్టే ఉంది, మొహం గంభీరంగా పెట్టాడు. కానీ భాస్కరరావు గారెల సంగతి వినగానే ఎగిరి గంతేసినంత పని చేశాడు. "మంచిదేనండీ, ప్రజల దగ్గరికే వెళ్లినట్టుంటుంది" అన్నాడు. ఆఫీసు క్యాంటీనులో పొడి రొట్టెలు తిని తిని ఆ మహానుభావుడి నాలుక ఎప్పుడో చచ్చిపోయింది.

సౌభాగ్య శ్వేతను పిలిపించింది. "ఆ రోజు కమిటీ ముందు నీ ఫలితాలు చదువుతావు కదా. ఆ రెండు జవాబులున్నాయే, మా ఇంట్లోదీ ఆఫీసులోదీ, అవి పక్కపక్కన చదువు."

"ఆంటీ! పేర్లు చెప్పకూడదు, పక్కా రూల్."

"పేర్లెవరు అడిగారు? మాటలు చాలు."

శ్వేత కాసేపు గోళ్లు కొరికింది. పేర్లు చెప్పనంటే చెప్పనని మరోసారి ఒట్టేసి ఒప్పుకుంది. పరిశోధకులకు ఇలాంటి బుద్ధులుండకూడదు. కానీ ఆమె కూడా అదే ఊరి దుమ్ము పీలుస్తోంది.

ఆదివారం పొద్దున సౌభాగ్య మండపం నేల అద్దంలా తుడిచింది. మళ్లీ తుడవమని అసిరమ్మ అంటే, "ఒద్దత్తా, ఇంక ముట్టుకోను" అంది. తూర్పుగాలి తన పని తాను చేసుకుపోయింది. ఆఫీసర్లు వచ్చే వేళకు నేల పైకి తెల్లగానే కనిపిస్తోంది.

గుమ్మంలోనే అసిరమ్మ చెంబు పట్టుకుని నిలబడింది. "బూట్లిక్కడ బాబూ. మేజోళ్లు కూడా తీసీయండి. తోలుదీ నూలుదీ అని అమ్మోరు సూడదు" అంటూ ఒక్కొక్కరి కాళ్ల మీద నీళ్లు పోసింది. ఎవరు కాదంటారు? హిందీ ఆఫీసర్లు కూడా మాతాజీ అంటూ వంగి దండం పెట్టారు. విప్పిన బూట్లన్నీ సౌభాగ్య గోనెసంచిలో వేసి మూతి కట్టింది. భర్త బూట్లు అందుకుంటున్నప్పుడు ఆయన ఒక్క క్షణం వదల్లేదు.

"కుక్కలెత్తుకుపోతాయండీ" అంది ఆమె నెమ్మదిగా.

మండపంలో జంపఖానా మీద ఆఫీసర్లూ, వెనక వీధిలోవాళ్లూ అందరూ బాసింపట్టు వేసుకున్నారు. బూట్లు లేని ఆఫీసర్లను చూడాలి! ఒకాయన మడమలు పగిలి ఉన్నాయి. ఒకాయన వేళ్లు లోపలికి ముడుచుకుంటున్నాడు. భాస్కరరావు ఎడమ బొటనవేలికి పసుపు గుడ్డ కట్టి ఉంది, ఇంట్లో ఏ గడపకు తన్నుకున్నాడో. వరసలో వెనకగా కూర్చున్న ఆదినారాయణ అలవాటు చొప్పున తల వంచుకుని ఆ పాదాల వరసంతా చూశాడు. ఏది పెద్ద హోదానో, ఏది చిన్న హోదానో ఆయనకు అంతుబట్టలేదు. సగం లేచిన సలాము సగంలోనే దించేశాడు.

గారెలు ముందే పెట్టేశారు, అది అసిరమ్మ ఆజ్ఞ. హిందీవాళ్లు వాటిని బరా అన్నారు గానీ తినడం తెలుగువాళ్లలాగే తిన్నారు. చేతులు కడుక్కున్నాక భాస్కరరావు గొంతు సవరించుకుని, "ఆదినారాయణగారూ, యార్డు విషయంలో ప్రజలేమంటున్నారు?" అన్నాడు.

ఆదినారాయణ భాస్కరరావు పసుపు గుడ్డ చూశాడు. జీవితంలో మొదటిసారి అక్కణ్నుంచి చూపు పైకెత్తి మొహం చూశాడు. "సార్, రాత్రయితే దగ్గండి" అన్నాడు. "నాకూ దగ్గే, మా ఆవిడకీ దగ్గే. పొద్దున ఉమ్మితే నల్లగా వస్తాది." తన నోట్లోంచే వచ్చిందా ఈ మాట అన్నట్టు పక్కకు చూశాడు. ఎవరూ అరవకపోయేసరికి ఇంకా చాలా చెప్పాడు.

భాస్కరరావు ఇబ్బందిగా కదిలాడు. "మీ ఒక్కరి సంగతి కాదండీ. మొత్తం మీద జనం దీన్నొక సమస్య అనుకోవడం లేదని మా దగ్గర..." అంటూ జయప్రకాష్ వైపు చూశాడు. జయప్రకాష్ కాగితాల్లోకి చూశాడు.

అప్పుడు శ్వేత లేచి నిలబడింది. తన సర్వేలో ఒకరికొకరు పూర్తిగా ఎదురు నిలిచిన రెండు జవాబులు చదువుతానంది. ఒకటి అధికారిది, ఒకటి పౌరుడిది, పేర్లు లేవంది. "మొదటిది. ఆ గుట్ట తీసుకెళ్లి ఆఫీసర్ల గుమ్మాల్లో పొయ్యమను. మా ఆవిడ వడియాలు ఆళ్లకే వేయించి పెట్టమను. అప్పుడు దిగుతాది కైపు!"

జనం గొల్లుమన్నారు. గారెల మూకుడు దగ్గర్నుంచి అసిరమ్మ గొంతు ఖంగున మోగింది. "అది మావోడి మాటే! కైపు దిగుతాదనడం ఆల నాన్న కాణ్నుంచి ఒచ్చినాది ఆడికి!"

జయప్రకాష్ చెవులు ఎర్రబడ్డాయి. శ్వేత గబగబా రెండోది అందుకుంది. "ప్రజలు దుమ్ముకు అలవాటు పడినారు. వారి వైపు నుండి ఇంతవరకు ఎటువంటి ఆక్షేపణయు అందియుండలేదు."

ఈసారి భాస్కరరావు తొడ చరిచాడు. "ఇది మన జయప్రకాష్! నా ఫైళ్లన్నింట్లోనూ ఇదే వాక్యమండీ, అక్షరం పొల్లుపోదు!" అనేశాడు. అన్నాక గాని తానేమన్నాడో ఆయనకు తట్టలేదు.

మొదటిది మావాడిదని తల్లి, రెండోది మావాడిదని పై ఆఫీసరు. మధ్యలో జయప్రకాష్. ఆయన చెయ్యి తనకు తెలియకుండానే పక్కన నేల మీద బూట్ల కోసం తడిమింది. అక్కడేమీ లేదు. తల తిప్పి సౌభాగ్య వైపు చూశాడు. ఆమె గోనెసంచి మీద కూర్చుని ఉంది.

ఇన్నాళ్ల కసీ తీరేలా నవ్వుకుందామనే సౌభాగ్య ఇదంతా చేసింది. తీరా ఆ చూపు చూశాక నవ్వు రాలేదు. ఆటపట్టించాలనుకుంది గానీ, పదిమందిలో ఆయన తల దించుకోవాలని అనుకోలేదు. సంచి విప్పి బూట్లు ఇచ్చేద్దామని లేచింది కూడా. ఇచ్చేస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆయన వాటిల్లో కాళ్లు పెడతాడు, ఆక్షేపణ అందలేదంటాడు. ఆమె ఇంటికెళ్లి పంచెలు మడిచేస్తుంది. మళ్లీ కూర్చుంది.

"రెండూ నావే సార్" అన్నాడు జయప్రకాష్.

చేతిలో కాగితాలు పక్కన పెట్టాడు.

"ఆఫీసులో జనం అడగలేదన్నాను. ఇంట్లో ఆఫీసర్లు వినరన్నాను. జనమంటే ఎవరో కాదు సార్, మా ఆవిడే. ఆవిడ రోజూ అడుగుతానే ఉంది. పొద్దున అడిగితే బూట్లున్నాయని విన్లేదు, సాయంత్రం అడిగితే లేవని విన్లేదు." ఆయన సౌభాగ్య వైపు చెయ్యి చూపించాడు. "ఈ ఏడు నుంచి వడియాలు మానేస్తానంటోంది. ఎందుకు మానేస్తావని ఆవిడ మీద కేకలేశాను గానీ, కలం నా చేతిలోనే ఉంది సార్."

సౌభాగ్యకి కళ్లలో నీళ్లు తిరిగాయి. పైట చెంగుతో తుడుచుకుంటే చెంగు నల్లగా అయింది. ఆ సంగతి పట్టించుకునే స్థితిలో ఆమె లేదు.

భాస్కరరావు ఒక కాలు మార్చి ఇంకో కాలు మడిచాడు. అప్పుడు తన అరికాలు ఆయనకు కనిపించింది. కడుక్కుని వచ్చిన పాదమే, నాలుగడుగులు నడిచి కూర్చున్నాడు, అంతే. అరికాలు పెనం అడుగులా ఉంది. తెల్లటి ప్యాంటు మోకాలి దగ్గర దాని ముద్ర పడింది. చాలాసేపు దాన్నే చూశాడు.

"మా ఆవిడ మీనాక్షి చలికాలం నుంచి కిటికీ తెరవలేదండీ" అన్నాడు చివరికి, అదేదో తన తప్పన్నట్టు. "ఏదో ఒకటి చెయ్యండి అంటుంది. జనం అడక్కుండా మనమెలా చేస్తామే అంటాను నేను."

"తమరు అడక్కుండా మేమెలా సెప్తామండీ!" అన్నాడు ఆదినారాయణ.

నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు. హిందీ ఆఫీసర్లు సంగతేమిటని పక్కవాళ్లను అడిగి, విని, మరీ పెద్దగా నవ్వారు. అందులో ఒకాయన తన భార్య కూడా అదే మాటంటుందని ఒప్పుకున్నాడు. నవ్వులు సద్దుమణగకముందే శ్వేత తన లెక్కలు మొత్తం చదివేసింది. ఇవాళ ఎవరూ వాటిని అనుమానించలేదు. నీళ్ల ట్యాంకరు, టార్పాలిన్లు వెంటనే, యార్డు చుట్టూ వల ఎండలు ముదిరేలోపు, కాదంటే పొడిగింపు లేదు అని తీర్మానం. జయప్రకాష్ దాన్ని నేల మీద కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాడు. అందరి సంతకాలూ అయ్యేదాకా సౌభాగ్య సంచి మీద నుంచి లేవలేదు.

కంపెనీవాళ్లు మొదట్లో మొరాయించారు, ట్యాంకరు చెడిపోయిందన్నారు. బాగుపడిందో లేదో చూడటానికి జయప్రకాష్ రోజూ వెళ్లి నిలబడేసరికి బాగుపడింది. మెల్లగా వల కూడా లేచింది. దుమ్ము పూర్తిగా పోయిందంటే అబద్ధమవుతుంది. కానీ సౌభాగ్య పొద్దున పెట్టిన వడియం సాయంత్రం తీసేటప్పటికి తెల్లగానే ఉంది. మొదటి రోజు ఆమె నమ్మలేక పంచె ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగింది. జయప్రకాష్ ఒక వడియం తీసి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "మల్లెపూవులా ఉందేటే!" అన్నాడు. ఆమెకు ఎంత గర్వమేసిందంటే, ఎండబెట్టిన వడియాల్లో ఒక్కటి కూడా పారెయ్యకుండా డబ్బాలకెత్తడం తలచుకుని రెండు మూడుసార్లు లేచి వెళ్లి డబ్బాలు చూసుకుంది.

మొదటి డబ్బా తోర్వాలో ఉండే చిన్నతల్లికి. ఆవిడ అందరికంటే పాత గిరాకీ, నాలుక మంచిదని పేరు. సౌభాగ్య స్వయంగా స్కూటీ మీద తీసుకెళ్లింది. చిన్నతల్లి ఆమెను కూర్చోబెట్టి అప్పటికప్పుడు నూనె కాచి నాలుగు వేయించింది. ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. సౌభాగ్య మెప్పు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

చిన్నతల్లి కళ్లు తెరిచింది. ఇంకోటి తీసి అటూ ఇటూ తిప్పింది.

"ఏం పిన్నీ, బాగున్నాయా?"

"బాగానే ఉన్నాయే. కరకరలాడతన్నాయి. కానీ..." ఆవిడ కొంచెం మొహమాటపడింది. "ఈపాలి జీలకర్ర మానీసినావేటే? నల్లగా ఒక్క పలుకూ అవుపడ్డం లేదు. నీ వడియానికి అదే కదే అందం. మా ఇంటికొచ్చినోళ్లందరికీ అదే సెప్తాను, సౌభాగ్య జీలకర్ర ఎయ్యడంలో వెనకాడదని."

సౌభాగ్య వడియాల్లో జీలకర్ర వెయ్యదు. అత్తగారి పద్ధతిలో ఇంగువ, పచ్చిమిర్చి, ఉప్పు, అంతే. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఒక్క గింజ కూడా వేసి ఎరగదు.

ఇన్నేళ్లూ బాగున్నవనుకుని ఎంతమంది ఇళ్లకు ఏం పంపిందో, ఎవరెవరు ఎన్నిసార్లు మళ్లీ అడిగి వేయించుకున్నారో అన్నీ ఒక్కసారిగా కళ్లముందు కదిలాయి. సిగ్గుతో తల దించుకుంది. అంతలోనే ఎక్కడో అడుగు నుంచి నవ్వు పొంగుకొచ్చింది. దాన్ని ఆపుకోవడానికి గ్లాసెత్తి మంచినీళ్లు గటగటా తాగింది, పొలమారింది. చిన్నతల్లి లేచి ఆమె నెత్తి మీద తట్టింది.

"మర్చిపోయాను పిన్నీ" అంది సౌభాగ్య ఊపిరి అందాక. "ఈసారి నుంచి వేస్తాను."

"కాస్త ఎక్కువే ఎయ్యి. మునపట్లాగ."

సౌభాగ్య తిరిగి వస్తూ సదర్ బజార్లో స్కూటీ ఆపి జీలకర్ర కొంది.